కాంటా మీద మూడో నంబరు

దామరచర్ల దాటినంక పెద్ద పట్టాలకెళ్ళి
ఒక పాయ విడిపోయి మా ఫ్యాక్టరీలకు వస్తది.
మూడున్నర కిలోమీటర్లు. గంతే దాని లోకం.
ఎదురుంగ పోయే రైళ్ళు గుంటూరంటయి, బీబీనగరంటయి.
ఇది సైలో కాడికి పోయి, గేటు కాడికొచ్చి,
మళ్ళా సైలో కాడికి.
ఎడ్లబండి చూసినన్ని ఊర్లు సుత చూడలే.

నేను కాంటా గుమస్తాను.
ఇరవై ఆరేండ్లు కిటికీ ఎనుక కూసొని
అది తోసుకొచ్చిన వ్యాగన్లను తూచిన.
ఖాళీ బరువు, నిండు బరువు, తీసివేత.
తోసినదాని బరువు ఎన్నడూ రాయలే.
రిజిష్టర్ల దానికి గడి లేదు.

డ్రైవర్ సైదులు దాన్ని "ముసల్ది" అనేటోడు,
కొత్తగ వచ్చిన నాడు సుత.
(కొత్తగ అంటే మాకు కొత్త.)
చలికాలం పొద్దుగాల లేవనని మొరాయిస్తే
గుడ్డపేలిక డీజిల్ల ముంచి, అంటిచ్చి,
గాలి పీల్చే కాడ పట్టేటోడు.
దగ్గి దగ్గి, నల్లగ ఒక ఉమ్ము ఉమ్మి, లేచేది.

కొక్కేలు తగిలిచ్చేది రూప్లా.
ఎర్రజెండా, పచ్చజెండా రెండూ ఒక్క చంకలనే.
ఎడమచేతి రెండు వేళ్ళు బఫర్ల నడుమ పోయినయి,
తొంభై ఎనిమిదిల, హోలీకి ముందురోజు.
"ముసల్దాని తప్పు కాదు సారూ" అన్నడు దవాఖానల.
తన తప్పు కాదని కంపెనీ సుత అన్నది, కాయితం మీద.

దుమ్ము సంగతి చెప్పాలె.
సిమెంటు దుమ్ము పడ్తది, దాని మీద వాన పడ్తది,
ఎండకు బిగుస్తది. ఏడాదికొక పొర.
పోను పోను హెడ్‌లైటుకు
పుసి పట్టిన కన్ను లెక్క ఒక్క సందే మిగిలింది.

కంపెనీ చేతులు మారింది.
రైల్వే ఇంజనే సీదా లోపటికి రావట్టింది.
మూడో నంబరును చివరి పట్టా మీద నిలబెట్టిన్రు, ఆరేండ్లు.
బఫర్ల నడుమ సర్కారు తుమ్మ మొలిచి,
రూప్లా వేళ్ళు పోయిన జాగలనే, పూత పట్టింది.

వేలానికి ముగ్గురొచ్చిన్రు.
ఎన్ని గుర్రాల బలమని ఒక్కడన్న అడగలే.
"ఎన్ని టన్నులు?"
ప్లేటు మీద ముప్పై ఐదని ఉన్నది.
మిర్యాలగూడ పాతినుము మొయినుద్దీన్ నవ్వి
"ప్లేటును కాదు, కాంటాను నమ్ముత" అన్నడు.

అట్ల అది నా కిటికీ ముందటికొచ్చింది.
పొక్లెయిన్ ఎనుకకెళ్ళి నూకుతుంటే
మొగమాటంగ, కిర్రుమనుకుంట.
ముప్పై ఆరు టన్నుల నాలుగు క్వింటాళ్ళు.
"ఈ పద్నాలుగు క్వింటాళ్ళు ఏడివి?"

సిమెంటు.
నేను తూచి పంపిన ప్రతి వ్యాగన్లకెళ్ళి
చిటికెడు చిటికెడు దాసుకున్నట్టు.
అంటే నా లెక్కల గంత తప్పున్నట్టేనా?
ఆ రాత్రి పాత రిజిష్టర్లు తీసి, మళ్ళ మూసిన.

ఇనుము ధరకు సిమెంటు కొననన్నడు మొయినుద్దీన్.
రూప్లాను పిలిపిచ్చిన్రు, రోజుకు ఐదు వందలు.
ఎనిమిది వేళ్ళతోని ఉలి, సుత్తె.
పెచ్చులు ఊడితే కింద మా పసుపు రంగు.
దాని కింద పచ్చ, పచ్చ మీద "చక్కెర" అని సగం మాట.
దాని కింద ఎరుపు, ఎరుపు మీద ఎవరో మొలతోని గీకిన పేరు,
మాకెవ్వరికీ చదవరాని లిపి.
రూప్లా ఉలి ఆపిండు.
"దీన్ని సుత కొట్టాల్నా?"
"రంగుకు బరువుండదు" అన్న.
ఉంటదని తెలుసు, కాంటా గుమస్తాను కదా.

ఇంజను కంకర మిల్లుకు పోయింది.
హారన్ ఒక రైస్ మిల్లుల హమాలీలను లేపుతున్నది.
చక్రాలు ఏడ్నో కరిగినయి.
చట్రాన్ని మటుకు తండాలోళ్ళు పదకొండు మంది
చందా ఏసుకొని కొన్నరు.
మొయినుద్దీన్‌తోని బేరమాడింది గుగులోతు కమిలి,
పొలాలు కాలువకు ఆ దిక్కున్నయి మరి.
ఇప్పుడది ఎడమ కాలువ పిల్లకాలువ మీద అడ్డం పండుకున్నది.

మొన్న దాటిన. నా బరువు డెబ్బై ఒక్క కిలోలు.
నడుమల కమిలి మేక ఒకటి ఆగి
రివిట్ల సందు నాకుతున్నది.
సుత్తె అందని కాడ ఇంకా కొంచెం బూడిద రంగు.
కిలో ఉంటదేమో. కిలోన్నర.
రాసుకోలే.