వరదగుడి

ఆరు మిల్లీమీటర్ల కాగితం బిళ్ళ.
చెవి దిద్దంత.
దానిలో ఇంకిన ఒక్క బొట్టు మందు.

గుంటూరు కొత్తపేట,
రెండు నర్సింగ్ హోముల మధ్య సందులో
మేడ మీద మా ల్యాబు.
గాలి యార్డు వైపు నుంచి తిరిగితే
మైక్రోస్కోపు కూడా దగ్గుతుంది.

నాగుల్ మీరా కాలి పుండులోంచి
మొన్న తీసి, పెంచిన పురుగుని
దూదిపుల్లతో ప్లేటు మీద
అటూ ఇటూ అడ్డంగా
ముగ్గుకి ముందు వాకిలి అలికినట్టు అలికాను.

కంపెనీ బిళ్ళలు నాలుగు పెట్టాను.
తర్వాత, ఎవరూ అడగనివి మూడు:
దుగ్గిరాల పసుపు, వావిలాకు, నేలవేము.
ఆకులు తెచ్చింది సువార్త,
మా గాజుసామాను కడిగే మనిషి.
"మా అత్త ఎన్ని పుళ్ళకి కట్టిందో
నీ బిళ్ళలు పుట్టకముందు."

"మానినవాళ్ళే చెప్తారు సువార్తా,
పోయినవాళ్ళు వచ్చి చెప్పరుగా" అన్నాను.

"నీ బిళ్ళలు మింగి పోయినోళ్ళు
వచ్చి చెప్తన్నారా?"

ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో
రాత్రంతా పెట్టి తలుపేశాను.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

పొద్దున తీస్తే
ప్లేటంతా పెరుగు తోడుకున్నట్టు పురుగు.
మందు పనిచేస్తే
బిళ్ళ చుట్టూ ఖాళీ, చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు.
ఈ ఉద్యోగంలో చేరిన ఏడు
సిప్రో చుట్టూ ఇరవై ఎనిమిది కొలిచేదాన్ని.
ఇవాళ దాని అరుగు మీదే
ఆనుకుని కూర్చుంది పురుగు, చుట్టమల్లే.
జెంటాకీ అంతే. అమాక్సీకీ అంతే.
నాలుగోది, ఖరీదైన ఇంజెక్షను,
దాని ఒక్కదానికే చోటిచ్చింది.

వావిలాకు చుట్టూ ఏమీ లేదు.
పసుపు చుట్టూ ఉందనుకున్నాను.
వెలుతురుకి ఎత్తి చూస్తే వట్టి రంగు.
నేలవేము చుట్టూ
సన్నగా, ఒకవైపు నొక్కుకుపోయి,
పదకొండు.

"చూశావా!" అంది సువార్త, చేతులు తుడుచుకోకుండానే.
మళ్ళీ కొలిచాను. పదిన్నర.
దగ్గర గుడి దూరపు వాన
అనేది మా నాయనమ్మ, నారుమడి దగ్గర నిలబడి.

ప్లేటు కాలు కాదు సువార్తా.
దీంట్లో నెత్తురు పారదు, చక్కెర లేదు,
కాలేయం లేదు, ఎక్కువైతే మొరపెట్టుకోవడానికి.
ఇంత ఘాటు ఒంట్లోకి చేరాలంటే
ఎన్ని మోపులు కాచి తాగాలో
నాకు తెలీదు. మీ అత్తకీ తెలీదు.
లేదని మాత్రం అనను.
పదిన్నర ఉంది. కొలిచాను.

నాగుల్ మీరా చీటీలు తిరగేశాను.
టిక్కీలు మోసే మనిషి, కూలి ఏ రోజుది ఆ రోజే.
జ్వరమొస్తే రెండు సిప్రో.
షాపువాడు కత్తెరతో స్ట్రిప్పు కోసి ఇచ్చాడు.
జ్వరం తగ్గింది, బరువెత్తాడు.
మళ్ళీ వస్తే మళ్ళీ రెండు.
రెండేసి బిళ్ళల ఫీజు కట్టి
నాలుగేళ్ళు
ఆ పురుగుకి చదువు చెప్పించాం.
అతనొక్కడే కాదు, మా తమ్ముడి గొంతునొప్పికి
నేనూ కోయించాను.

రిపోర్టులో నేలవేముకి గడి లేదు.
అంచున పెన్సిలుతో
పదిన్నర అని రాసి,
చెరిపి,
మళ్ళీ రాశాను.

కింద బల్ల మీద
కాలు చాపుకుని కూర్చున్నాడు నాగుల్ మీరా.
ఇంజెక్షను పేరు చదివించుకున్నాడు.
రేటు అడిగాడు.
ఎన్ని రోజులని అడిగాడు.
పదంటే, కాసేపు పుండు వైపు చూసి అన్నాడు:

"ముందు రెండు రోజులకి రాయించమ్మా."