ఉప్పుచెక్క

పండక్కి వారం ముందే మా అత్త పెంచలమ్మ
కొడవలి నడుంలో దోపుకొని కొండెక్కుతుంది.
వెలిగొండ ఆ పొద్దు మంచులో సగమే ఉంటుంది.
మద్దిచెక్క, నేరేడుచెక్క, మోదుగవేరు,
మారేడాకు, కరక్కాయ, నల్లేరు.
ఏడోది ఏందో నాకింకా చెప్పలేదు.
"పోయేనాడు చెప్తాలే" అంటుంది,
ఆ నాడు ఎప్పుడో తనకు తెలిసినట్టు.

ఎండబెట్టి, ఉప్పేసి రోట్లో దంచుతుంటే
ఘాటు మూడిళ్ల అవతలికి పోతుంది.
కొట్టంలో బర్రె చెవులు వెనక్కి పెడుతుంది.
దానికి క్యాలెండరు అక్కర్లేదు.

కనుమ తెల్లారి నేను దవడలు పట్టుకుంటే
అత్త చెయ్యి మణికట్టు దాకా నోట్లోకి.
ఎద్దు మింగింది.
దూడ కక్కి, మళ్లీ మింగింది.
నల్లబర్రె మాత్రం నా జాకెట్టు మీద ఊసింది.
అత్త నవ్వింది.
ఆమె బొటనవేలి మీద మచ్చ
దీని తల్లి కొరికింది, కాపురానికొచ్చిన ఏడు.
"దీనికంటే దాని అమ్మే నయం."

కొమ్ములకు పంచాయతీ ఆఫీసు గోడకేసి మిగిలిన రంగు.

పొద్దు వాలినాక ఊరి బయట చిట్లాకుప్ప.
ఎండుకంప, కందికట్టె, విరిగిన కాడి ఒకటి.
మునుపు మూడొందల గొడ్లు నిలబడేవంట.
ఇప్పుడు మేకల్ని కలిపినా తొంభై దాటవు.
హెడ్‌లైట్లకు పసుపు పూసి
ట్రాక్టరు కూడా వరసలో పెట్టాడు ఓబులేసు.
ఎవరూ కాదనలేదు.

పొంగలి దిగింది.
పొలికేక వెయ్యాల్సింది మాలకొండయ్య.
దసరా ముందర నెల్లూరు పెద్దాసుపత్రిలో
ఆయన గొంతులోంచి ఏదో తీశారు.
దాంతోపాటే కేకా పోయింది.

"నిరుడు నా ఫోన్లో పట్టిపెట్టాను" అన్నాడొక పిల్లోడు.
ఆటో మైకుకు తగిలించారు.
పొలో... పొలి... పొలో...
అదే గొంతు. చివర దగ్గు కూడా అదే.
గొడ్లు తలెత్తి ఆటో వైపు చూశాయి.
ఒకటి ఉచ్చ పోసింది.
ఏదీ కదల్లేదు.
కాగడా పట్టినోడు దాని సెగకే చేతులు కాచుకుంటా నిలబడ్డాడు.

అప్పుడొచ్చాడు మాలకొండయ్య.
మెడకు మఫ్లరు, చంకలో యాపమండ.
చేత్తోనే మైకు ఆపమన్నాడు.
మండ పసుపునీళ్లలో ముంచి
మొదటి ఎద్దు మీద విదిలించి నోరు తెరిచాడు.
తిత్తిలోంచి వచ్చినట్టు గాలి వచ్చింది, అంతే.
రెండో ఎద్దు. గాలి.
దూడ. గాలి.
మేకపిల్లకు కూడా అంతే నోరు తెరిచాడు,
ట్రాక్టరుకు కూడా.

నీళ్లు తోలు మీద పడే చప్పుడు
పుట్టి బుద్ధెరిగినాక ఇదే వినడం.
ఇన్నేళ్లూ అది కేక కిందనే ఉండింది కాబోలు.

కుప్ప అంటుకుంది.
మంట పక్కగా గొడ్లు దుమ్ము రేపుకుంటా ఉరికాయి,
ఎవరు తోలారో తెలియలేదు.

ఆయన పొలి గంప నెత్తికెత్తుకొని
లాంతరుతో చేలల్లోకి దిగాడు.
మేం గట్టు మీదనే ఉండిపోయాం.
లాంతరు పోతుంది, ఆగుతుంది, పోతుంది.
ఆగినచోటల్లా నోరు తెరుస్తున్నాడని తెలుసు.
నా పక్కన అత్త, పెదాలు కదిపీ కదపకుండా, "పొలి" అంది.
ఆడోళ్లు అనకూడని మాట అది.
లాంతరు మళ్లీ ఆగింది. మళ్లీ అంది.
మూడోసారి నేనూ అన్నాను.

కంపెనీకి ఇచ్చేసిన మెట్టచేను దగ్గర,
సోలారు పలకల నడుమ,
లాంతరు శానాసేపు ఆగింది.
"అక్కడేం చల్లుతాడే?" అన్నాను.
"కింద నేల ఉంది కదా" అంది అత్త.

తెల్లారి పాలకేంద్రంలో
వెన్నశాతం చూసే కుర్రాడు క్యాను మూత తీసి
మొహం పక్కకు తిప్పుకున్నాడు.
"ఏందక్కా, పాలు చెక్క వాసనొస్తున్నాయ్?"
మా నల్లబర్రె మింగిందన్నమాట,
మేం చూడనప్పుడు.

"టీ పెట్టుకో," అన్నాను,
"నీ వంతు."