మూరన్నర ఖాళీ

ఎల్డొరెట్ బస్టాండు వెనక
టైర్ల కొట్టుకీ మందుల షాపుకీ నడుమ
మొమాన్యి కెమెరాల దుకాణం.
అద్దాల బల్ల మీద మూడు పెట్టాడు.
మూడూ నల్లవే, మూడూ ఒకరు వాడి అమ్మేసినవే.
"ఇది సెకనుకి పది. ఇది పదిహేను."
మూడోదాని దగ్గర గొంతు తగ్గించాడు,
పక్కింటివాళ్ళ అప్పు సంగతి చెబుతున్నట్టు:
"ముప్పై."

నేను ఈటెన్‌లో ఆటల మేష్టారిని.
నా లెక్క వేరు.
ఎనిమిది వందల మీటర్ల పందెం చివర్లో మా పిల్లలు
సెకనుకి ఏడు మీటర్లు మింగుతారు.
పది బొమ్మలంటే
బొమ్మకీ బొమ్మకీ మధ్య మూరన్నర నేల.
పదిహేనైతే మూర.
ముప్పైకి జానెడు.
ఛాతీ ముందుకు విసిరి గెలిచే పిల్ల
గెలిచేది బెత్తెడుతో.

బెత్తెడుని పట్టేది ఉందా అని అడిగాను.
ఉందన్నాడు, పెద్ద స్టేడియాల్లో.
దాని ధరకి మా బడి పైకప్పు మొత్తం మార్చొచ్చు.

పోయినేడు నా చేతిలో ఉన్నది ఫోను.
ఆ రెండు ఫొటోలూ చెరిపెయ్యలేదు.
ఒకదాంట్లో జెమేలి, చెలాగత్, ఇద్దరూ గీతకి ఇవతల.
రెండోదాంట్లో ఇద్దరూ అవతల.
ఆ మధ్య ఖాళీలో
నేనొక పేరు రాశాను.

కౌంటీ జట్టుకి ఆరుగురే.
ఆరో పేరు చెలాగత్.
ఏడోది రాయక్కర్లేదు, రాయలేదు.
జెమేలి ఏమీ అనలేదు.
మర్నాడు బూట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది,
బడి బూట్లే, బడికే ఇచ్చేసింది,
లేసులు విప్పి, ఉతికి, చుట్టచుట్టి లోపల పెట్టి.

ముప్పైదాన్ని తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను.
గుంటలో నీళ్ళు చిమ్ముకుంటూ మోటార్‌సైకిలొకటి.
నొక్కాను.
పెనం మీద మొక్కజొన్న పేలినట్టు పేలి, పేలి,
ఆగిపోయింది.
"కడుపు నిండింది సార్, మింగనివ్వండి" అన్నాడు మొమాన్యి.
రెండు సెకన్లు తింటే నాలుగు సెకన్లు మింగుతుందట.
ఆ మింగుడులో
ఒక గాడిదబండి పోయింది, గొడుగు కింద ఇద్దరు నన్‌లు పోయారు,
కోడిని చంకన పెట్టుకున్న ముసలాయన నన్ను చూసి నవ్వి మరీ పోయాడు.

మొదటి పిల్లకీ ఆరో పిల్లకీ మధ్య ఐదు సెకన్లు.
ఆరోది వచ్చేసరికి ఇది నములుతూ ఉంటుంది.
"ఆరోది వచ్చినప్పుడే నొక్కండి మరి."
గుంపులో ఆరోది ఎవరో నాకే తెలిస్తే
నీ కొట్టుకెందుకొస్తానయ్యా.

పదిహేనుదే తీసుకున్నాను.
వేగం సగం, కడుపు పెద్దది.
లెన్సు అంచున గీరుకుందని మూడు వేలు తగ్గించాడు.
తల్లులు పాల డబ్బులోంచి తీసిచ్చిన నోట్లు,
ఒక్కోటీ విప్పి లెక్కపెట్టాడు.

డబ్బా కట్టి ఇస్తూ అన్నాడు:
"గీతకి తిన్నగా పెట్టండి సార్.
గీత దాటి రెండడుగులు జరిగి చూశారా,
దూరంగా ఉన్నవాళ్ళే ముందున్నట్టు కనబడతారు."

మటాటులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని
కొండ ఎక్కినంతసేపూ అదే మాట.

పోయినేడు ఎండ.
గీత దాటి రెండడుగుల అవతల చెట్టునీడ ఉంది.
నేను నీడలో నిలబడ్డాను.
ఎవరికీ చెప్పలేదు ఇది.
జెమేలి నా వైపునే పరిగెత్తింది,
ఎర్రమన్ను నా చొక్కా మీద పడేంత దగ్గరగా.

ఎల్లుండి పందెం.
సున్నంతో గీత వేశాను.
గీత కొసన, ఎండలో, గుంజ పాతాను.
కెమెరా దాని మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాను.

సంచిలో ఆ బూట్లున్నాయి, లేసులెక్కించాను.
ఏ ఇంటి ముందు ఆగాలో తెలుసు.
ఇవాళ రెండుసార్లు ఆ దారినే వెళ్ళాను.