గుర్రం పళ్ళు చూసినట్టు

కొచ్కోర్‌లో నర్యిన్ దారి చీలే మలుపు దగ్గర
నాదొక ఇనుప డబ్బా కొట్టు.
తలుపు మీద టైరు బొమ్మ నేనే వేశాను సున్నంతో.
రొట్టె అనుకుని రొట్టెలడిగినవాళ్ళూ ఉన్నారు.

తొలి మంచు పడిన పొద్దున ఎల్దియార్ వచ్చాడు
చిన్న హోండా ఫిట్‌లో
పన్నెండు బస్తాల బంగాళాదుంపలతో.
ముందు సీట్లో అత్తగారు,
ఆమె ఒళ్ళో పదమూడోది, సగం బస్తా.
వెనక బంపరు నేలకు మొక్కుతోంది.

"కాస్త గాలి కొట్టక్కా, దోలోన్ కనుమ దాటాలి" అన్నాడు.
బూటుతో టైరును ఓ తన్ను తన్ని
"గట్టిగానే ఉందిలే" అని తీర్పూ తనే చెప్పాడు.

తన్నితే తెలిసేది బూటు సంగతి.

గొంతుక్కూర్చుని బురద తుడిచాను.
ఇది చదువు, అన్నాను.
కంపెనీ పేరు చదివాడు.
పేరెప్పుడూ పెద్దక్షరాల్లోనే ఉంటుంది నాయనా,
పనికొచ్చేది చిన్నక్షరాల్లో, అప్పుపత్రంలో లాగా.

నూట డెబ్బై అయిదు: వెడల్పు, మిల్లీమీటర్లలో.
అరవై అయిదు: ఆ వెడల్పులో నూటికి అంత, పక్కగోడ ఎత్తు.
పద్నాలుగు రిమ్ముది. దాన్ని మాత్రం అంగుళాల్లో కొలుస్తారు,
ఎందుకని నన్నడక్కు.
ఆ తర్వాత ఎనభై రెండు.

"వేగమా?"

బరువు. అదీ సూటిగా చెప్పదు.
పట్టికలో ఎనభై రెండుకి ఎదురుగా చూస్తే
నాలుగువందల డెబ్బై అయిదు కిలోలు,
ఒక్కో టైరుకి, గాలి సరిగ్గా ఉంటేనే.
పక్కన టీ అన్నదే వేగం, గంటకు నూట తొంభై.
ఆ అక్షరంతో నీకు పనిపడదులే.

వేళ్ళు మడిచి లెక్కేశాడు.
"నాలుగు టైర్లకి పందొమ్మిది వందలు! ఇంకా చోటుందక్కా!"

కారు బరువు ఎవడు మోస్తాడు, మీ తాతా?
బస్తాలన్నీ వెనకే కూర్చున్నాయి చూడు.
ఇది అయిదుగురి కోసం పుట్టిన బండి,
నీ దుంపలే ఎనిమిది మంది.
కారు మోయనన్నది
టైరు మోస్తానన్నా లాభం లేదు.

మా నాన్న గుర్రాల బేరగాడు.
అమ్మేవాడు ఏడేళ్ళదంటే మారుమాటాడకుండా
దాని పెదవి పైకెత్తేవాడు.
టైరుకీ పళ్ళుంటాయి, ఇదిగో ఈ కోలగీతలో:
మూడు రెండు, ఒకటి నాలుగు.
పద్నాలుగో ఏడు, ముప్పై రెండో వారం.
ఎండాకాలం బిడ్డ.
అప్పటికి నువ్వేం చేస్తున్నావు?

"బళ్ళో ఉన్నాను."

అత్తగారు మొదటిసారి నవ్వింది.

గాడిలో అగ్గిపుల్ల నిలబెడితే
తల మునగడానికి కూడా లోతు లేదు.
అడుగునున్న చిన్న గట్టు పైకొచ్చి చూస్తోంది,
ఆ గట్టు దాకా అరిగితే చాకిరీ తీరినట్టే,
మంచులోనైతే ఇంకా ముందే తీరుతుంది.
అంచులు రెండూ తినేశాయి, అంటే
నెలల తరబడి చాలీచాలని గాలి.
పక్కగోడ మీద బీటలు, ఆగస్టు చెరువులో లాగా.
డిక్కీ అడుగున స్టెప్నీ సంగతి అడిగితే
ఉందన్నాడు.
ఉంది. మెత్తగా, పిండిముద్దలా.

"మా బావ ఇరవై బస్తాలు తోలాడు మొన్న."
"ఏ బావ?" అంది అత్తగారు,
ఒళ్ళో బస్తా దించి, తానే నడిచొచ్చి
నా కొట్లో మూలన పెట్టింది.

మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు,
ఆ గుర్తున్నవి నాలుగు తీసి బిగించాను.
చల్లగా ఉండగానే, తలుపు పక్క స్టిక్కరు చూసి
గేజీ పెట్టి గాలి నింపాను.
డబ్బు సగమే ఉంది వాడి దగ్గర.
ఎనిమిది బస్తాలు తాకట్టు.
బంపరు తలెత్తింది.

తొమ్మిదో రోజున వచ్చాడు.
దిగీ దిగగానే వంగి, జేబులోంచి గేజీ తీసి
నాలుగు చక్రాలూ తిరిగొచ్చాడు,
నాతో ఇంకా పలకరింపైనా కాలేదు.
బాకీ ఇచ్చి బస్తాలెత్తాడు.
ఒకదాన్ని రెండుసార్లెత్తి దించి
"ఇది తేలిగ్గా ఉందేంటక్కా?"

చలికి గాలి తగ్గదూ, అన్నాను.
దుంపలూ అంతే.