రిపేరుకు లొంగని రొద

కురుపాం మార్కెట్ వెనక సందులో
నా కొట్టంటే ఒక బల్ల, ఒక స్టూలు, నలభై వాట్ల బల్బు.
సూరాడ ఎల్లాజీ ఓర్ బెర్త్‌లో నైటు డ్యూటీ దిగి
ముక్కుపుటాల్లో ఇనప ధూళితోనే వచ్చి
కాగితం పొట్లం విప్పాడు.
"నార్వే ఓడ సీమాను ఇచ్చీసినాడు మావా,
రెండు బీడీ కట్టలకి.
పాట కాదిది, లోపలేటో కొట్టుకుంతంది. సూడు."

అట్ట మీద నలుపూ తెలుపే.
జిరాక్సుకి జిరాక్సు తీసి, దానికి మళ్ళీ తీసినట్టు
ఒక అడవి.
అమావాస్య నాడు భీమిలి రోడ్డు మీద
బస్సు లైటు పడి ఆరిపోయిన సరుగుడు తోట.
పైన ఉన్నది బృందం పేరట.
పెకలించిన తుమ్మమొద్దు కింద వేళ్ళలా ఉంది.
చదవనివ్వకూడదనే రాసిన పేరు
అదే మొదటిసారి చూడటం.
మా వీధిలో అందరూ పేరు పెద్దక్షరాల్లో రాయించుకునేవాళ్ళే.

వేశాను.
బుస.
హెడ్డు మురికనుకున్నాను. దూది, స్పిరిట్టు.
బుస.
స్క్రూ పావు చుట్టు తిప్పి హెడ్డు వాలు సరిచేశాను.
బుస.
మూడోసారి తుడిస్తే దూది తెల్లగానే వచ్చింది.
పదిహేనేళ్ళ చేతికి అంతకన్నా అవమానం లేదు.

తెల్లారుజామున, ఓటమి ఒప్పుకుని, ఊరికే విన్నాను.
వాళ్ళు దాన్నలాగే పట్టారు.
చవక మైకు, నేలమాళిగ, కావాలని.
రొద పాటకి పట్టిన జబ్బు కాదు,
పాట బతికే వాతావరణం.
గిటారు తీగ ఎంత జోరుగా కొట్టుకుంటుందంటే
ఫుల్లులో పెట్టిన ఫ్యాను రెక్కలా
నిలబడిపోయినట్టుంది.
డప్పులు షిప్‌యార్డులో రివెట్లు.
గొంతు మాత్రం అవతలి కొండ మీదెక్కడో,
ఎవర్నీ పిలవడంలేదు.
ఇన్నిటి కిందా, నాలుగో నిమిషంలో,
కన్వేయర్ బెల్టు కింద పడుకున్న కుక్క ఊపిరిలా
ఒక రాగం.
చాలా నెమ్మదైన రాగం.
మే నెల, ఒళ్ళంతా చెమట,
మోచేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

మంచు నేనెప్పుడూ చూడలేదు.
లంబసింగిలో ఒకసారి గడ్డిమీద తెల్లటి పొర, అంతే.
దానికి కొర్రబయలని ఇంకో పేరుంది,
బయట పడుకుంటే కొర్రలా బిగుసుకుపోతారని.
ఈ క్యాసెట్టు ఆ రెండో పేరు.

తర్వాతెవరో చెప్పారు,
ఆ రోజుల్లో ఆ పాటల కుర్రాళ్ళు కొందరు
చర్చీలు తగలబెట్టారని, మనిషిని చంపారని.
నా కొట్టు మెట్టెక్కి తలెత్తితే రాస్ హిల్.
పక్కపక్క గుట్టల మీద చర్చి, దర్గా, గుడి.
మూడింటి మైకులూ రిపేరు చేసింది నేనే.
నెల్లాళ్ళు క్యాసెట్టు సొరుగులో పెట్టి తాళం వేశాను.
మళ్ళీ తీశాను.
క్షమించి కాదు.

హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
షట్టరు లోపల కూర్చుని గుర్తుపట్టాను,
అదే నిలబడిన తీగ, అదే అవతలి గొంతు.
మర్నాడు బయటికొస్తే
ఒక్క ఆకు లేదు ఊళ్ళో.
కైలాసగిరి అచ్చం ఆ అట్ట మీది బొమ్మ.
పచ్చటి విశాఖకి ఎవరో జిరాక్సు తీశారు.

ఎల్లాజీ ఇప్పుడు రిటైరు.
సాయంత్రం రెండుసార్లు ఆగి సందు చివరికొస్తాడు,
స్టూలు లాక్కుని, ఊపిరందుకుని,
"ఎయ్యి మావా, ఆ మంచుపాట" అంటాడు.
కేజీహెచ్‌లో డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి
చాలాసేపు విన్నాడట. ఏమీ అనలేదట.
నేను దూదీ స్పిరిట్టూ ఉన్న డబ్బా
బల్ల కిందికి తోసేస్తాను, ఎందుకో.

నిన్న రెండో వైపు అయిపోయింది.
ఖట్‌మని బటను లేచింది.
బుస ఆగలేదు.