పడవ అస్తది

సిరొంచ, జిల్లా పరిషత్ బడి, ఏడో తరగతి.
వాకిట్ల మరాఠీ, ఇంట్ల తెలుగు,
నల్లబల్ల మీద ఇంగ్లీషు.
ఖోబ్రాగడే సారు సుద్దతో రెండు గళ్ళు గీసిండు:
ఈ గడిల 'కమ్స్', రోజూ జరిగేది.
ఆ గడిల 'విల్ కమ్', ఇంకా జరగనిది.

"పోచుబాయీ, మీ భాషల చెప్పు."
పడవ అస్తది, చెప్పిన.
"రెండోది?"
పడవ అస్తది.
తరగతంతా నవ్వింది.
సారు నవ్వలే. సుద్ద పట్టుకొనే
కిటికీలకెళ్ళి ప్రాణహిత దిక్కు చూసిండు.
"మరి మీకెట్ల తెలుస్తది,
ఏది అలవాటో, ఏది ఆశో?"

మా బాపు ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ పడవ తోసేటోడు.
పైసల్లేనోళ్ళు దిగుకుంట అనేటోళ్ళు:
"లసుమయ్యా, రేపిస్త."
బాపు ఊ కొట్టి, ఇంటికచ్చి,
పొయ్యి ఎనుక గోడ మీద బొగ్గుతో ఒక గీత పెట్టేటోడు.
పేరు రాయడు. రాయరాదు.
వంకరను బట్టి ఎవరిదో చెప్పేటోడు:
ఇది కుమ్మరోళ్ళ ముసలమ్మది, అటు ఒరిగింది చూడు,
ఇది మేకలోళ్ళది, గందుకే పొడుగు.

ఆ రాత్రి అడిగిన:
బాపూ, 'రేపిస్త' అంటే
రోజూ ఇచ్చేదా, ఇంకా ఇయ్యనిదా?
వల కుట్టుకుంటనే అన్నడు:
"రోజూ ఇయ్యనిది."

కాలేజీకి పోయినంక చంద్రపూర్‌ల
అట్ట ఊడిన నిఘంటువు కొన్న.
ఒక్క 'విల్'కు ఎన్ని అర్థాలో!
కాబోయేది. పట్టుదల.
చచ్చినంక ఎవరికేమని రాసిపెట్టిన కాయితం.
మనమేమో దానికి తోక తగిలించి
వీలునామా చేసుకున్నం,
వీలున్నా లేకున్నా.

వంతెన అచ్చింది.
జీపుల అద్దాలు ఎక్కించుకొని పోయేటోళ్ళు
రేపిస్తమని కూడా అంటలేరు.
బాపు పడవను బోర్లేసిండు,
దాని కింద ఇప్పుడు కోళ్ళు పొదుగుతున్నయి.
మంచంల పడ్డంక ఒకనాడు గోడ చూపిచ్చి,
"ఇల్లు తమ్మునికి. గీతలు నీకు.
సదువుకున్నదానివి, వసూలు చేసుకో,"
అని దగ్గుకుంట నవ్విండు.
సున్నమేసిన ప్రతిసారీ
గోడ గంత మేర వదిలేస్తం.

నిన్న పరీక్ష కాయితాలు దిద్దుతున్న.
అదే బడి. అదే ఏడో తరగతి, నేను టీచర్ను.
ఆత్రం జైతు అనే పిల్లగాడు రాసిండు:
'ది బోట్ విల్ కమ్స్.'
తప్పే.
ఎర్రకలం మూత తీసిన.
పోరడు రెండు గళ్ళనూ ఒకే పడవెక్కిచ్చిండు,
అదీ పైసలియ్యకుండ.

అర మార్కు ఏసిన.
మిగిలిన అరకు, పక్కన,
కొంచెం ఒరిగినట్టు
ఒక గీత.