తరుగు

యార్డులో ప్రతి టిక్కీకీ తరుగు తీస్తాం.
గోతానికింత, తేమకింత, మట్టికింత.
ఇరవై రెండేళ్ళుగా ఆ లెక్క రాస్తున్నది నేనే.
నాకు తీసిన తరుగు మాత్రం
ఏ పద్దులో రాయాలో తెలియడం లేదు.

నూట నలభై ఒకటి.
ఆ రాత్రి లారీలన్నీ వెళ్ళిపోయాక
సైదులు ఒక్కణ్ణే సాక్షిగా పెట్టుకుని
మిర్చి కాటా మీద నిలబడి చూసుకున్న అంకె.
వాడు నవ్వలేదు.
"మూడు టిక్కీలకి కాస్త ఎక్కువ, గుమస్తా గారూ" అన్నాడు
మామూలుగా సరుకు చెప్పినట్టే.

పద్నాలుగు నెలలైంది.
విజయవాడలో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి
ఇంత సంచి తీసేసి ఇంత గొట్టం ఉంచుతామంది.
కరుణమ్మ ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక
మా పిల్లదాని ఉగ్గుగిన్నె అటక మీంచి దిగింది.
నలభై ఆరేళ్ళ మగాణ్ణి
రెండు చెంచాల పప్పుకట్టు తాగి
"ఇక చాలు" అన్న రోజు
కరుణమ్మ వంటింట్లోకెళ్ళి ఏడ్చింది.
ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నా నోట వినలేదట.

అన్నం సంగతి కాదు, నీళ్ళ సంగతి చెప్తాను.
గుంటూరు, మే నెల.
మిర్చి ఘాటుకి గొంతులో నిప్పు పడుతుంది.
చల్లటి కుండ, పక్కనే ఇత్తడి చెంబు,
ఎత్తి గటగటా తాగలేను.
గుక్క. ఆగు. మళ్ళీ గుక్క.
హమాలీలు తలెత్తి, గొంతుముడి ఆడుతుండగా
గడ్డం మీంచి ఛాతీ మీదికి కారేలా తాగుతుంటే
వాళ్ళ వంక దొంగచూపులు చూస్తాను.

చొక్కాలన్నీ సగానికి కుట్టించాను.
చర్మాన్ని కుట్టేవాడు బ్రాడీపేటలో దొరకలేదు.
సరుకు దింపేసిన గోతంలా పొట్ట వేలాడుతుంది.
స్నానమప్పుడు చేత్తో ఎత్తి కింద కడుక్కుంటాను,
ఎవరో దాచమని అప్పగించి వెళ్ళినట్టు.
దువ్వెన నిండా జుట్టు.
పెళ్ళి ఉంగరం జారి మిరపకాయల్లో పడింది.
సైదులు మూడు టిక్కీలు విప్పి వెతికాడు.
ఏ దేశం వెళ్ళిందో.

షేర్ ఆటోవాడు ఇదివరకు ఇద్దరి డబ్బులడిగేవాడు.
మొదటిసారి ఒక్కడి ఛార్జీ ఇచ్చిన రోజు
లాడ్జి సెంటర్లో దిగి కాసేపు ఊరికే నిలబడ్డాను.
మిగిలిన చిల్లర జేబులో బరువుగా ఉంది.

తెలిసినవాళ్ళు గొంతు తగ్గించి
"షుగరా? ఇంకేమన్నానా?" అంటారు.
పెళ్ళి భోజనంలో నా విస్తరి చూసి
"మా ఇంటి కూడెందుకు సయిస్తుందిలే" అని ఒకాయన అలిగాడు.
సగం బూరెకే చెమటలు పట్టి, గుండె దడదడలాడి
చెప్పులు వెతుక్కుంటూ బయటపడ్డానని
ఆయనకేం తెలుసు.

ఆకలి కడుపు ఖాళీ చేసింది గానీ
ఊరు విడిచిపోలేదు, తలలోకి కాపురం మార్చింది.
రాత్రి రెండింటికి గోంగూర పచ్చడి జాడీ మూత తీసి
వాసన చూసి
మళ్ళీ మూత పెట్టేస్తాను.
కరుణమ్మ నిద్రపోతున్నట్టే ఉంటుంది.

నెలకో ఆదివారం
ప్రభు బల్ల దగ్గర
చిటికెడు రొట్టె, గుక్కెడు ద్రాక్షరసం.
పెద్ద పెద్ద ఆకళ్ళ వాళ్ళందరూ
ఆ ఒక్కచోట నా అంతే తింటారు.
ఇంకొంచెం వేసుకోమని ఎవరూ అనరు.

యార్డులో నన్ను "బస్తా గుమస్తా" అనేవాళ్ళు.
కోపమొచ్చేది.
ఇప్పుడు "ఏసోబు గారూ" అంటున్నారు.
పిలిచినప్పుడల్లా
వెనక ఎవరున్నారా అని చూస్తాను.

నిన్న మళ్ళీ కాటా ఎక్కాను.
ఎనభై నాలుగు.
సైదులు అంకె చూశాడు, నన్ను చూశాడు,
చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండానే,
"యాభై ఏడు కిలోల తరుగా!
ఏ రైతూ ఒప్పుకోడండీ" అన్నాడు.

పుస్తకం తెరిచి తేదీ వేసి
సంతకం పెట్టాను.
తర్వాత కుండ దగ్గరికెళ్ళి
ఒక గుక్క తాగి
ఆగాను.